24 అంతస్తుల గురించి రెండు నిమిషాలు

2024 ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం, హైదరాబాద్‌లోని ఒక పరీక్షా కేంద్రంలో, నా ఎదుట కూర్చున్న ఎగ్జామినర్ ఒక చిన్న కార్డును, తెల్ల కాగితాన్ని, పెన్సిల్‌ను నా వైపు జరిపారు. మీ నగరంలో మీకు నచ్చిన లేదా నచ్చని ఒక ఎత్తైన భవనం గురించి చెప్పండి అని ఆ కార్డు మీద ఇంగ్లిషులో ఉంది. అది ఎక్కడ ఉంది, దేనికి ఉపయోగపడుతుంది, చూడటానికి ఎలా ఉంటుంది, మీకు ఎందుకు నచ్చింది లేదా ఎందుకు నచ్చలేదు అన్న ఉపప్రశ్నలు దాని కింద వరుసగా ఉన్నాయి. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాలు. హనుమకొండలో పదకొండేళ్లుగా ఉంటున్న నేను ఆ రెండు నిమిషాల్లో హనుమకొండ పేరుగానీ వరంగల్ పేరుగానీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. కోచింగ్‌లో రాయించిన నోట్సు నుంచి కంఠస్థం చేసిన, దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా గురించిన పదహారు వాక్యాలను అప్పజెప్పడం మొదలుపెట్టి, తొమ్మిదో వాక్యం దగ్గర ఆగిపోయాను.

నేను నర్సును. బీఎస్సీ నర్సింగ్ తరువాత ఏడేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు ఇంగ్లిషు వచ్చునన్న రుజువు చూపాలి. ఆ రుజువుగా ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్షను ఎంచుకున్నవారికి చదవడం, వినడం, మాట్లాడటం మూడింటిలోనూ కనీసం 7, రాయడంలో కనీసం 6.5 రావాలి. హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివినా, నర్సింగ్ పుస్తకాలు, కేస్‌షీట్లు, డాక్టర్ల ఆర్డర్లు అన్నీ ఇంగ్లిషులోనే ఉండటం వల్ల చదవడం, రాయడం నాకు అలవాటైన పనులే. నోరు తెరిచి మాట్లాడవలసిన సందర్భం మాత్రం ఆసుపత్రిలో రాదు. రోగితో, వారి బంధువులతో తెలుగులోనో ఉర్దూలోనో మాట్లాడతాం, తోటి సిస్టర్లతో తెలుగులోనే మాట్లాడతాం. అందువల్ల నా ఇంగ్లిషు ఏడేళ్లుగా కాగితం మీదనే ఉండిపోయింది.

ఈ పరీక్ష రాయబోయేవారి కోసం దాని స్వరూపం కొంత చెప్పాలి. మాట్లాడే పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. మొదటి భాగంలో మీ ఊరు, పని, అలవాట్ల గురించి చిన్న ప్రశ్నలు అడుగుతారు. రెండో భాగంలో కార్డు ఇస్తారు. మూడో భాగంలో ఆ కార్డులోని విషయాన్నే విస్తరించి, నాలుగైదు నిమిషాలపాటు చర్చలాగా అడుగుతారు. సంభాషణ అంతా రికార్డవుతుంది. మార్కులు నాలుగు అంశాలకు సమానంగా వేస్తారు: తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ నాలుగింటిలో సమాచారం లేదు. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లని, 163 అంతస్తులని నేను తప్పు లేకుండా చెప్పాను. ఆ రెండు అంకెలు చెప్పినందుకు నాకు ఒక్క మార్కు కూడా అదనంగా రాదని పరీక్షకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కంఠస్థం చేసిన వాక్యాలను గుర్తుపట్టడంలో ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. అంత శిక్షణ లేనివారైనా ఆ రోజు నన్ను గుర్తుపట్టి ఉండేవారని ఇప్పుడు నాకు తెలుసు. మొదటి భాగంలో ‘నేను నర్సును, ఈ వారం నైట్ డ్యూటీలు’ అని మెల్లగా, మామూలు మాటల్లో చెప్పిన మనిషి, కార్డు చేతికి రాగానే గొంతు మార్చి, ఊపిరి తీసుకోకుండా, ‘ఆకాశాన్ని చీల్చుకుని వెళ్లే మానవ మేధస్సు’ అన్న అర్థం వచ్చే వాక్యాలు చదివినట్టు చెప్పుకుపోతే ఎవరికైనా తేడా తెలుస్తుంది. తొమ్మిదో వాక్యంలో ఒక పదం జారిపోయింది. ఆ పదం దొరికితే తప్ప పదో వాక్యం రాదు, ఎందుకంటే ఆ వాక్యాలేవీ నా ఆలోచన నుంచి పుట్టినవి కావు. ‘ఇంకేమైనా చెప్పగలరా?’ అని ఆమె మర్యాదగానే అడిగారు. ‘అది చాలా ఎత్తుగా ఉంటుంది’ అన్నాను. ఆ తరువాత మూడో భాగంలో, కొన్ని నగరాల్లో ఎత్తైన భవనాలు ఎక్కువగా, కొన్నింటిలో తక్కువగా ఎందుకు ఉంటాయని అడిగినప్పుడు, తెలుగులో పది నిమిషాలు చెప్పగలిగిన సంగతికి రెండు ముక్కలు చెప్పి తల వంచుకున్నాను. రెండు వారాల్లోపే ఫలితం వచ్చింది. మిగిలిన మూడింటిలో కావలసిన మార్కులు వచ్చాయి. మాట్లాడటంలో 6 వచ్చింది.

16 వేల రూపాయలకు పైబడిన ఫీజు పోయిన బాధ ఉంది. దానికంటే, నేను అంతగా ఎరగని భవనం గురించి మాట్లాడి ఓడిపోయానన్న బాధ ఎక్కువగా ఉంది. బుర్జ్ ఖలీఫాను అసలైతే ఎరిగినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు.

మా బాపు 2005లో దుబాయ్ వెళ్లాడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వేలాది మందిలాగే అప్పు చేసి, సెంట్రింగ్ పనికి వెళ్లాడు. ఆయన పనిచేసింది ఆ మహాభవనం మీద కాదు, దానికి దూరంగా కనిపించే మరొక ముప్పై అంతస్తుల కట్టడం మీద. అయినా నాలుగేళ్లపాటు ప్రతిరోజూ బస్సులో పనికి వెళ్తూ, వస్తూ ఆ భవనం పెరగడం చూశాడు. 2009లో అక్కడ పనులు తగ్గిపోయి ఇంటికి తిరిగి వచ్చాడు. 2010 జనవరి 4న ప్రారంభోత్సవం నాడు దాని పేరును బుర్జ్ ఖలీఫాగా మార్చారు. అప్పటిదాకా దాని పేరు బుర్జ్ దుబాయ్. పేరు మారేనాటికి బాపు ఊళ్లో ఉన్నాడు గనుక, నేటికీ దాన్ని బుర్జ్ దుబాయ్ అనే అంటాడు.

ఫలితం వచ్చిన వారం ఊరికి వెళ్లినప్పుడు, ఏ భవనం గురించి అడిగారో, నేనేం చెప్పానో ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘గా బుర్జ్ దుబాయ్‌కు కాంక్రీట్ ఎండకాలం ఎప్పుడు పోసేటోళ్లో చెప్పినవా బిడ్డా?’ అని అడిగాడు. చెప్పలేదన్నాను. ‘రాత్రి పోసేటోళ్లు. పగటి వేడికి పోస్తే తొందరగ గట్టివడి పగుళ్లు వస్తయని. నీళ్లల్ల మంచుగడ్డలు గూడ కలిపేటోళ్లు’ అన్నాడు. నా నోట్సులోని పదహారు వాక్యాల్లో ఇలాంటి మాట ఒక్కటీ లేదు. దాన్నే నేను ఆ ఎగ్జామినర్‌కు, మా నాన్న చెప్పిన సంగతిగా, వచ్చిన ఇంగ్లిషులో చెప్పి ఉంటే కనీసం నలభై సెకన్లు నిజమైన మాటలతో నిండి ఉండేవి.

ఆ సాయంత్రం నేను ఒక నోటుబుక్కు తీసుకుని ఆయన దగ్గర కూర్చున్నాను. ఐదో తరగతితో చదువు ఆపేసిన మా బాపు నోట, బీఎస్సీ చదివిన నాకు తెలియని ఇంగ్లిషు మాటలు వరుసగా వచ్చాయి. పరంజాను ‘స్కఫోల్డింగ్’ అంటారని, మనం సెంట్రింగ్ అనే దాన్ని అక్కడ ‘షట్టరింగ్’ అంటారని, స్లాబ్ లోపల కట్టే ఇనుప చువ్వలను ‘రీబార్’ అంటారని, సామానునూ మనుషులనూ పైకి చేర్చే బోను లాంటి దాన్ని ‘హాయిస్ట్’ అంటారని, నడుముకూ భుజాలకూ కట్టుకునే పట్టీని ‘హార్నెస్’ అంటారని ఆయన చెప్పాడు. ఇవి ఆయన పుస్తకంలో చదివినవి కావు. ఫోర్‌మన్ కేక వేసినప్పుడు అర్థం కాకపోతే ప్రమాదం జరిగే చోట నేర్చుకున్నవి. ఆయన పలికిన తీరును నేను నిఘంటువు యాప్‌లో విని సరిచూసుకున్నాను. కొన్నింటిలో ఒత్తు మారింది, మాట మాత్రం ఒక్కటీ తప్పు కాలేదు. మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇలాంటి పదసంపద ఎన్ని ఇళ్లలో ఉందో, పరీక్షకు తయారయ్యే పిల్లలు దాన్ని అడగకుండా ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక మా నగరంలోని ఎత్తైన భవనం సంగతి. వరంగల్‌లో ఎత్తైనవి ఏవని ఎవరైనా అడిగితే మనకు మొదట గుట్టలే తోస్తాయి. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, కోటలోని ఏకశిల. ఓరుగల్లు అన్న పేరే ఆ ఒంటి రాయి నుంచి వచ్చిందంటారు. భవనాల్లోనైతే, ఎంజీఎం ఆసుపత్రికి దగ్గరలో, పాత సెంట్రల్ జైలు స్థలంలో లేస్తున్న 24 అంతస్తుల ఆసుపత్రిని మించినది నాకు తెలిసి మా దగ్గర లేదు. నిజాం కాలం నాటి ఆ జైలును ఖాళీ చేసి, ఖైదీలను వేరే జైళ్లకు తరలించి, కట్టడాలను కూల్చిన తరువాత, 2021 జూన్‌లో అక్కడ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. నా డ్యూటీ బస్సు ఆ వైపు నుంచే వెళ్తుంది. మూడేళ్లుగా నేను దాన్ని చూస్తున్నాను. అయినా కార్డు చేతికి వచ్చిన క్షణంలో అది నాకు గుర్తు రాలేదు. ఎందుకంటే పరీక్షలో చెప్పదగినది ఎక్కడో దూరాన, పేరుపడ్డ చోటనే ఉంటుందని నా మనసు ముందే నిశ్చయించుకుంది.

మార్చి నెలంతా నేను సాధన చేసిన పద్ధతి ఇది. డ్యూటీ దిగిన తరువాత ఆ కట్టడం కనిపించే చోట రోడ్డుకు ఇవతల నిలబడి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకుని, నాకు కనిపిస్తున్నదాన్ని రెండు నిమిషాలు ఇంగ్లిషులో చెప్పేదాన్ని. మొదటి రోజు నలభై సెకన్లకే మాటలు అయిపోయాయి. ఇంటికి వచ్చి ఆ రికార్డింగ్ విని, ఎక్కడ ఆగానో, ఏ మాట కోసం ఆగానో రాసుకునేదాన్ని. మరునాడు ఆ మాటలు దొరకబుచ్చుకుని మళ్లీ అక్కడే నిలబడి చెప్పేదాన్ని. వాక్యాలను మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు, మాటలనే రాసుకున్నాను. వాక్యం రాసుకుంటే అది తిరిగి కంఠస్థమవుతుందని, తొమ్మిదో వాక్యం దగ్గర మళ్లీ అదే గతి పడుతుందని నాకు భయం ఉండేది.

ఈ సాధనలో మన భాషకూ ఇంగ్లిషుకూ మధ్య ఉన్న కొన్ని తేడాలు బయటపడ్డాయి. తెలుగులో కొండా ఎత్తైనదే, మేడా ఎత్తైనదే, గోడా ఎత్తైనదే. ఇంగ్లిషులో భవనం, చెట్టు, మనిషి ‘టాల్’ అవుతాయి. కొండ, గోడ ‘హై’ అవుతాయి. నా రికార్డింగులలో జైలు గోడ ‘టాల్’ అయింది, ఆసుపత్రి ‘హై’ అయింది. అంతస్తుల లెక్క ఇంకొక చిక్కు. బ్రిటన్ పద్ధతిలో నేల మీది అంతస్తు గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అందువల్ల నాలుగంతస్తుల భవనంలో అన్నిటికంటే పైది థర్డ్ ఫ్లోర్ అవుతుంది. మనం జీ ప్లస్ త్రీ అనేది దీన్నే గనుక విషయం మనకు కొత్త కాదు, మాట్లాడే వేగంలో మాత్రం తడబాటు వస్తుంది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినది ‘బంగ్లా’. మా ఊళ్లో పై అంతస్తు ఉన్న ఇల్లే బంగ్లా. బంగ్లా మీద పడుకున్నామంటే మేడ మీద పడుకున్నామని అర్థం. లీడ్స్‌లో పనిచేస్తున్న మా సీనియర్ అక్కకు నా రికార్డింగ్ ఒకటి పంపితే, అక్కడ బంగ్లా అంటే మెట్లు లేని ఒంటి అంతస్తు ఇల్లని, మెట్లు ఎక్కలేని ముసలివారు వాటిని కోరుకుంటారని చెప్పింది. మన నేల మీదుగా ఇంగ్లిషులోకి వెళ్లిన ఒకే మాట, అక్కడ ఒక అర్థంతో, ఇక్కడ దాదాపు దానికి ఎదురు అర్థంతో బతుకుతోంది.

వ్యాకరణంలో నా పెద్ద లోపం కర్త దగ్గర ఉంది. ‘అక్కడ ఆసుపత్రి కడుతున్నారు’ అంటాం. ఎవరు కడుతున్నారన్నది తెలుగులో అక్కరలేదు, క్రియలోనే ఆ ‘వారు’ ఒదిగిపోతారు. దాన్నే ఇంగ్లిషులో పెడుతూ ‘దే ఆర్ కన్‌స్ట్రక్టింగ్’ అని మొదలుపెట్టి, ‘దే బ్రోక్ ది జైల్’ అని, ‘దే షిఫ్టెడ్ ది ప్రిజనర్స్’ అని వరుసగా చెప్పుకుపోయాను. వినేవారికి ఆ ‘దే’ ఎవరో తెలియదు. పైగా ‘బ్రోక్ ది జైల్’ అంటే జైలు బద్దలుకొట్టి పారిపోయినట్టు వినబడుతుంది. ఇలాంటి చోట ఇంగ్లిషు కర్మణి ప్రయోగాన్ని కోరుతుంది: ‘ఇట్ ఈజ్ బీయింగ్ బిల్ట్’, ‘ద జైల్ వజ్ డెమాలిష్డ్’. తెలుగులో ‘కట్టబడుతోంది’ అనడం ఎబ్బెట్టు గనుక మన చెవి ఆ వాక్యాన్ని తనంతట తాను కోరదు. నేను రెండు వారాలు ఈ ఒక్క సంగతి మీదే పనిచేశాను. పాత జైలు, కూల్చివేత, పునాది, సగం లేచిన భవనం, రేపటి వార్డులు, ఇలా గతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ ఒకే స్థలంలో ఉండటం వల్ల క్రియల కాలాలు మార్చి మార్చి చెప్పడానికి అంతకంటే మంచి వస్తువు నాకు దొరికేది కాదు.

ఉచ్చారణ గురించి క్లుప్తంగా చెబుతాను. ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’ అని, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అని పలకడం మన అలవాటు. ‘హైట్’ చివరన టకారమే ఉండాలి, మనలో చాలామంది ‘హైత్’ అంటారు. యాసను దాచుకోవలసిన అవసరం లేదు, అర్థం కావడమే ముఖ్యం. నేను సరిదిద్దుకున్నవి ఈ రెండు మూడే.

నెల చివరికి రెండు నిమిషాలు నిండడం మొదలైంది గానీ, ‘ఎందుకు నచ్చింది’ అన్న దగ్గర నా మాట ఇంకా పేలవంగానే ఉండేది. పెద్దది, అందమైనది, ప్రజలకు ఉపయోగం అన్న మూడు మాటలతో ఆగిపోయేదాన్ని. ఒక రాత్రి డ్యూటీలో, నేను లోగడ పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగిన సంఘటన గుర్తుకు వచ్చింది. అది ఐదంతస్తుల భవనం. ఐసీయూ నాలుగో అంతస్తులో, సీటీ స్కాన్ కింద ఉండేవి. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని స్కాన్‌కు దించవలసిన రాత్రి కరెంటు పోయింది; జనరేటర్ ఆన్ అయింది గానీ లిఫ్టు కదలలేదు. స్ట్రెచర్‌ను ఎనిమిది మందిమి పట్టుకుని మెట్ల మీదుగా దించాం. నేను తల వైపు నడుస్తూ, ఐదారు సెకన్లకు ఒకసారి అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి రోగికి ఊపిరి అందించే సంచి) నొక్కుతూ, ఒక వార్డ్‌బాయ్ నా పక్కనే ఆక్సిజన్ సిలిండర్ మోస్తూ, ప్రతి మెట్ల మలుపు దగ్గరా స్ట్రెచర్‌ను తిప్పడానికి చాలని జాగాలో గోడకు ఒరుసుకుంటూ దిగిన ఆ నాలుగు అంతస్తులు నాకు జన్మలో మరిచిపోలేనివి. రోగి బతికాడు. లిఫ్టుకు సమయానికి మరమ్మతు చేయించలేదని మరునాడు తెలిసింది.

ఆ రాత్రిని ఇంగ్లిషులో చెప్పడం మొదలుపెట్టిన తరువాత నాకు మాటల కరువు రాలేదు. నాలుగు అంతస్తులకే అంత కష్టమైతే 24 అంతస్తుల ఆసుపత్రిలో ఏం జరుగుతుందన్న ప్రశ్న నాలోనే పుట్టి, దాని కోసం చదివాను. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న కట్టడాన్ని హైరైజ్ అంటుంది. 24 మీటర్లు దాటిన కట్టడాల్లో, అగ్నిప్రమాదం జరిగినప్పుడు జనం తాత్కాలికంగా తలదాచుకోవడానికి పై అంతస్తులలో ప్రత్యేక స్థలం ఉంచాలంటుంది. ఆసుపత్రుల్లో కదలలేని రోగులను ఒకేసారి కిందికి దించడం సాధ్యం కాదు గనుక, మొదట అదే అంతస్తులో, మంటలను ఆపే తలుపులకు అవతలి భాగానికి పక్కకు తరలిస్తారు. ఆ తరువాతే, అవసరమైతే, కిందికి. ఇది నాకు తెలియనిది కాదు, శిక్షణలో విన్నదే. కానీ ఎత్తైన భవనం నాకు ఎందుకు నచ్చుతుంది, ఎందుకు భయం కలిగిస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉందని అప్పటిదాకా తోచలేదు.

ఏప్రిల్‌లో రెండోసారి పరీక్షకు వెళ్లాను. కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్ దాకా సుమారు 130 కిలోమీటర్ల దారిలో, ఈసారి నోట్సు తెరవలేదు. పాస్‌పోర్టు చూపించి, ఫొటో, వేలిముద్ర ఇచ్చి, పిలుపు కోసం కూర్చున్నప్పుడు, ఎత్తైన భవనం కార్డు మళ్లీ వస్తుందేమోనన్న ఆశ లోపల ఉండేది. రాలేదు. మీ ప్రాంతంలో బాగా మారిపోయిన ఒక చోటు గురించి చెప్పండి అన్న కార్డు వచ్చింది. ఆ నిమిషంలో కాగితం మీద ఆరు మాటలు రాసుకున్నాను: జైలు, గోడ, కూల్చివేత, పరంజా, 24, లిఫ్టు.

చిన్నప్పుడు బస్సులో వరంగల్ వచ్చినప్పుడల్లా ఆ జైలు గోడ మాత్రమే కనిపించేదని, లోపల ఏముందో చూడలేదని, ఇప్పుడు అదే చోట తల పైకెత్తితే తప్ప చివర కనిపించని భవనం లేస్తోందని మొదలుపెట్టాను. పునాది రోజుల్లో కనిపించిన గుంత, దాని మీద నెలనెలా పెరిగిన పరంజా, పైన తిరిగే క్రేన్లు, ఇవన్నీ బాపు ఇచ్చిన మాటలతో చెప్పాను. ఒక చోట మాట దొరకనప్పుడు ఆగి, ‘దానికి ఇంగ్లిషులో ఏమంటారో నాకు తెలియదు, సిమెంటు ఆరేదాకా దాన్ని పట్టి ఉంచే చెక్క పెట్టె’ అని చెప్పాను. తెలిసిన మాటే ఆ క్షణంలో జారిపోయింది. తెలియని మాట చుట్టూ తిరిగి అర్థం చెప్పగలగడం కూడా ఈ పరీక్షలో లెక్కకు వచ్చే నైపుణ్యమేనని అప్పటికి నాకు తెలుసు గనుక కంగారు పడలేదు. నేను ఇంకా మాట్లాడుతుండగానే రెండు నిమిషాలు అయిపోయాయని ఎగ్జామినర్ చెయ్యి ఎత్తి ఆపారు. మొదటిసారి పరీక్షలో నన్ను మాట్లాడమని బతిమాలవలసి వచ్చింది. ఈసారి ఆపవలసి వచ్చింది.

మూడో భాగం నాకు చాలా ఇష్టంగా గడిచింది. నగరాలు పైకి ఎందుకు పెరుగుతాయని అడిగారు. ఊరి నడుమ స్థలం దొరకక, దొరికినా ధర భరించలేక అన్నాను. లిఫ్టు నమ్మదగినదయ్యాకనే, ఉక్కు చట్రంతో కట్టడం వచ్చాకనే అది సాధ్యమైందని, 1885లో షికాగోలో లేచిన పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనాన్ని మొదటి ఆకాశహర్మ్యమని చాలామంది అంటారని చెప్పాను. పాత కట్టడాలను కూల్చి కొత్తవి కట్టడం సరైనదేనా అన్నారు. అన్నిటికీ ఒకే సమాధానం లేదని, 1163 నాటి వేయిస్తంభాల గుడిని, 1213 నాటి రామప్ప గుడిని కూల్చాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాకూడదని, జైలు విషయంలో మాత్రం ఒక నర్సుగా నేను మంచాల పక్షం వహిస్తానని అన్నాను. రామప్ప పేరు చెప్పగానే ఆయన, ఆ గుడి ప్రత్యేకత ఏమిటని అడిగారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని చెప్పినప్పుడు ఆయన ముఖంలో నిజమైన ఆసక్తి కనిపించింది. ఎత్తు పెరిగేకొద్దీ బరువు తగ్గించుకోవాలన్న సంగతి ఎనిమిది వందల ఏళ్ల కిందటి మా మేస్త్రీలకు తెలుసునన్నాను.

చివరి ప్రశ్న, ఎత్తైన భవనాలు ముసలివారికి మంచివేనా అని. అప్పుడు నాలుగు అంతస్తుల మెట్ల సంగతి చెప్పాను. లిఫ్టు పనిచేసినంతకాలం ఎత్తు ఎవరికీ బరువు కాదని, అది ఆగిన రోజున బలం లేనివారే అందరికంటే పైన చిక్కుకుపోతారని, కాబట్టి ఎన్ని అంతస్తులు కట్టారని కాక, ఎన్ని లిఫ్టులు పెట్టారు, వాటిని ఎవరు చూసుకుంటారు అని ముందుగా అడుగుతానని చెప్పాను. అంబూ బ్యాగ్ నొక్కిన తీరును చేతులతో చూపిస్తూ చెప్పడం వల్ల ఒకటి రెండు చోట్ల వ్యాకరణం తప్పిందని మాట్లాడుతుండగానే తెలిసింది, అయినా ఆగలేదు. పరీక్ష ముగిసిందని చెప్పి ఆయన రికార్డర్ కట్టేశారు.

ఈసారి 7.5 వచ్చింది. రాయడంలో 6.5, మిగిలిన రెండింటిలో 7కు పైన వచ్చాయి గనుక మళ్లీ రాయవలసిన పని లేదు. నమోదుకు కావలసిన తరువాతి పరీక్ష కోసం ఇప్పుడు చదువుతున్నాను.

ఫలితం చూసిన రోజు బాపుకు ఫోన్ చేశాను. ఎంత వచ్చిందో విన్న తరువాత, తాను చెప్పిన మాటల్లో ఏవేవి వాడానో ఒక్కొక్కటిగా చెప్పమన్నాడు. స్కఫోల్డింగ్ వాడానని, క్రేన్ వాడానని, షట్టరింగ్ మాట సమయానికి గుర్తు రాక ‘సిమెంటును పట్టి ఉంచే చెక్క పెట్టె’ అని చెప్పానని అన్నాను. ‘చెక్క గాదు బిడ్డా,’ అన్నాడు బాపు, ‘గంత ఎత్తు బంగ్లాకు ఇనుపది పెడతరు. బుర్జ్ దుబాయ్‌లనైతె గది జాకీల మీద తనంతట తానే పై అంతస్తుకు ఎక్కేది.’